పన్నెండో నంబరు గెలిచిన సాయంత్రం

ముందుగదిలో టీవీ మోగుతోంది. నేను వంటింట్లో కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నాను. ఆ పనికి కళ్లు అక్కర్లేదు, వేళ్లు చాలు. ఉన్నట్టుండి ఒక చప్పుడు విని నా చేతులు ఆగిపోయాయి. కార్లు! ఒకదాని వెనక ఒకటి పరిగెత్తే కార్లు. కానీ ఇదేం చప్పుడమ్మా, మూత పెట్టిన చెంబులో జోరీగ తిరిగినట్టు! “ఏమే నిత్యా, అవి పందెం కార్లేనా, కుట్టుమిషన్లా?” అని కేకేశాను. నిత్య నా మనవరాలు. ఒంగోలులో ఇంజనీరింగ్ చదువుతుంది. సెలవు దొరికితే చాలు, మార్కాపురం వచ్చి నా మంచమంతా పుస్తకాలు పరుస్తుంది. చిన్నప్పటినుంచి దానికి ఈ కార్ల పిచ్చి. ఎక్కడో ఐరోపాలో కార్లు తిరుగుతుంటే ఇక్కడ ఇది అన్నం మానేస్తుంది. అలాంటి పిల్ల ఆ ఆదివారం సాయంత్రం విసుగ్గా, “పందెం కార్లే అవ్వా. ఇప్పుడు ఇంజన్‌తో పాటు బ్యాటరీ కూడా, అందుకే ఆ చప్పుడు. చప్పుడే కాదు, పస కూడా పోయింది. ముందు నిలబడినోడే ముందొస్తాడు. టైరు ఎప్పుడు మార్చాలో కూడా కంప్యూటరే చెప్తుంది. ఎవరు గెలుస్తారో నాకిప్పుడే తెలుసు. ఆపేస్తున్నా” అంది.

“ఆపబాక. ఆఖరున ఎవడున్నాడో చూసి చెప్పు” అన్నాను. “ఆఖరోడితో మనకేం పనవ్వా?” అని నవ్వింది. అరవై ఏళ్ల కిందట ఇదే ఊరి బస్టాండులో నేనూ అచ్చం ఈ మాటే అన్నాను, దస్తగిరి మామతో. ఆయనిచ్చిన జవాబు పొల్లుపోకుండా గుర్తుంది. ఆయన్ని మీరెవరూ చూసి ఉండరు. చూసి ఉంటే నేనిది చెప్పే పనే లేదు. రెండేళ్లుగా నా కళ్లకు నడిమి చూపు పోయి అంచులు మాత్రం మిగిలాయి కాబట్టి, నేను చెబుతుంటే నిత్యే రాస్తోంది. మధ్యలో సొంత తెలివి కలపవద్దని గట్టిగా చెప్పాను.

రాష్ట్రం ఏర్పడి ఎనిమిదేళ్లో తొమ్మిదేళ్లో అయింది. మార్కాపురం ఇంకా కర్నూలు జిల్లాలోనే ఉంది. నాకు ఇరవై ఏళ్లు. కంభం దారిలో ఒక పల్లెలోని సమితి బడికి పంతులమ్మగా వేశారు. మా చిన్నమ్మ ఇంట్లో ఉంటూ రోజూ ఏడూ నలభై బస్సుకు పోవాలి. మొదటిరోజే నేను బస్టాండుకు చేరేసరికి బస్సు కదులుతోంది. కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని పరిగెత్తాను, అరిచాను. రేకుల కొట్టం కింద స్టూలు మీద ఒకాయన కూర్చుని ఉన్నాడు. నెరిసిన గడ్డం, పాత ఖాకీ కోటు, మెడలో తాడుకు గుండ్రటి స్టాప్‌వాచీ. ఆయన చెయ్యెత్తి డ్రైవరును పొమ్మన్నాడు. బస్సు పోయింది. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. “మనిషి పరిగెత్తుకుంటా వస్తా ఉంటే కనపడలేదా మీకు?” అని గయ్యిమన్నాను. ఆయన తాపీగా, “కనపడలా. చెప్పుల చప్పుడు ఇనపడింది. అయినా నిమిషం నిమిషమే పంతులమ్మా. నీ కోసరం ఒక నిమిషం ఆపితే, దారిలో నిలబడిన ముసలమ్మ ఇంకో నిమిషం ఎండలో మాడాల” అన్నాడు. మర్నాడు పంతం కొద్దీ గంట ముందే పోయి కూర్చున్నాను. నన్ను చూసి, సరిగ్గా చెప్పాలంటే విని, పకపకా నవ్వాడు. “ఇదీ తప్పే. ముందొచ్చినా తప్పే, ఎనకొచ్చినా తప్పే. టయానికి రా.”

ఆయనే దస్తగిరి మామ. ఆయన ఉద్యోగమే అది, టైంకీపరు. అప్పట్లో బస్సులన్నీ ప్రైవేటువి. ఒక యజమాని బస్సు ఇంకో యజమాని బస్సును దాటి, వాడి జనాన్ని ముందే ఎక్కించుకుపోయేది. గిద్దలూరు నుంచి మార్కాపురం దాకా దుమ్ములో ఒకటే పరుగు. లోపల కూర్చున్నవాళ్లు దేవుళ్లకు మొక్కుకుంటూనే, “పోనీ పోనీ, వాణ్ణి దాటించు” అని డ్రైవరును ఎగదోసేవాళ్లు. చివరికి యజమానులంతా కలిసి దస్తగిరి మామను పెట్టుకున్నారు. ఎవరైనా టైముకు ముందు వస్తే ఆయన వేసే శిక్ష ఒకటే. బస్సును వెనక్కి పంపి, ఊరి బయట పలకల ఫ్యాక్టరీ మలుపులో, ఎన్ని నిమిషాలు ముందొస్తే అన్ని నిమిషాలు ఎండలో నిలబెట్టేవాడు. మిగతా పని లోపలి జనం నోళ్లు చూసుకునేవి. ఆ తిట్లు ఎక్కువగా తిన్నవాడు డ్రైవరు ఓబులేసు. ముప్పై ఏళ్లవాడు, మెలితిప్పిన మీసం, ముక్కు మీద కోపం. “ఈ సాయిబు ఏ జన్మలోనో నా పగోడు” అని గొణుగుతూనే వెనక్కి తిప్పేవాడు.

ఇంతటి మనిషికి పరుగు పందేలంటే ప్రాణమని తెలిసినప్పుడు నేను నమ్మలేదు. యుద్ధంలో మిలిటరీ లారీలు నడిపి, తర్వాత మద్రాసులో ఒక కార్ల షెడ్డులో పనిచేసి వచ్చాడట. మద్రాసు అవతల యుద్ధకాలపు విమానాల మైదానంలో ఏటా చలి తగ్గే రోజుల్లో కార్ల పందేలు జరిగేవి. ఏడాదిలో ఆయన పెట్టే సెలవు అప్పుడే. ఒంగోలు దాకా బస్సు, అక్కడినుంచి రైలు. తిరిగొచ్చిన సాయంత్రం బస్టాండులో పందెం మళ్లీ జరిగేది. రేకుల కొట్టం ముందు నేల ఊడ్చి, కట్టెపుల్లతో దారి గీసేవాడు. పలకల ఫ్యాక్టరీ వాళ్లు పారేసిన విరుగు ముక్కల మీద బలపంతో నంబర్లు వేస్తే అవే కార్లు. వాటిని చేత్తో జరుపుతూ, అక్కడ రెండు గంటలు జరిగిన పందేన్ని ఇక్కడ రెండు గంటలు చెప్పేవాడు. కారు చెడిపోతే ఆ పలక ముక్కను బోర్లించేవాడు. డ్రైవర్లు, కండక్టర్లు, ఫ్యాక్టరీ నుంచి ఇళ్లకు పోయే కూలీలు, పక్కన టీ దుకాణం కాశయ్య, చివరికి కోడిగంపలతో దిగిన ఆడవాళ్లు కూడా చుట్టూ గొంతుకు కూర్చునేవాళ్లు.

దానికొక కట్టుబాటు ఉండేది. గెలిచిందెవరని ఎవరూ అడగకూడదు. అడిగినవాణ్ణి లేపి పంపేసేవాళ్లు. పందెం సంగతులున్న పేపరు ఆయనకంటే ముందే ఊరికి వచ్చేది కదా, దాన్ని కాశయ్య మడత విప్పకుండా బిస్కెట్ల సీసా కింద పెట్టేవాడు. “ఎవడన్నా తెరిచినాడో, వానికి ఈ జన్మలో నా దుకాణంలో టీ లేదు” అనేవాడు. చదువొచ్చినవాళ్లున్న ఊరే. అయినా దస్తగిరి మామ వచ్చి చెప్పేదాకా ఆ ఒక్కరోజు పేపరును బస్టాండులో ఎవరూ ముట్టలేదు. నేను చూసిన శాస్త్రాల్లో ఇంత నిష్ఠగా పాటించింది ఇంకొకటి లేదు.

మొదటి ఏడు నేనూ కూర్చున్నాను, బస్సు దిగి ఇంటికి పోతూ పోతూ. ముందున్న ఎర్రకారును వదిలేసి ఆయన ఎప్పుడూ వెనకాల ఆరోదాన్నో ఏడోదాన్నో పట్టుకుని వేలాడుతుంటే విసుగొచ్చి, “ఆఖరోడితో మనకేం పని మామా, ముందోడి సంగతి చెప్పు” అన్నాను. ఆయన పలక ముక్క మీద చెయ్యి తీయకుండానే, “ముందు పోయేవాణ్ణి ఎవడైనా చూస్తాడు. వాని ముందర ఏముంది? ఖాళీ రోడ్డు. కథంతా ఎనక ఉంటాది బేటీ” అన్నాడు. ఇంకొకనాడు, బస్సు ఆలస్యమైన ఒక పొద్దున, నాతో గొంతు తగ్గించి ఒక నిజం చెప్పాడు. “వీళ్లతో అనబాక. పది పందేల్లో తొమ్మిది ఉప్పులేని పప్పే. మొదటి చుట్టులోనే ఒకడు ముందుకు పోతాడు, ఆడ్నే ఉంటాడు. ఆడ కూర్చున్న దొరలు గూడా ఆవులిస్తా ఉంటారు. ఎనకటి పందేలే పందేలు, ఇప్పుడేముంది అంటా ఉంటారు.” అరవై ఏళ్ల కిందట! నిత్య ఈ వాక్యం రాస్తూ ఆగింది. రాయవే, ఆగకు.

రెండో ఏడు వచ్చేసరికి ఒక మార్పు గమనించాను. పొద్దున్నే నేను రాగానే, “నీ చేతిరాత బాగుంటాది పంతులమ్మా, ఈ పలకనిట్ల పట్టుకో” అని బస్సుల టైములు నాచేత రాయించేవాడు, నాచేతే చదివించేవాడు. బస్సు ఇంకా మలుపు తిరగకముందే దాని పేరు చెప్పేవాడు. అందరూ ఔరా అనేవాళ్లు, నేనూ అన్నాను. ఒకరోజు గిద్దలూరు యజమాని కొత్త బస్సు దింపాడు. కళ్ల ముందు ఆగిన ఆ పచ్చటి బండిని చూస్తూ, “ఇదెవుర్ది బేటీ, లారీనా?” అని మెల్లగా అడిగాడు. దగ్గరికి పోయి ఆయన కళ్లలోకి చూశాను. నల్లగుడ్డు మీద పాలచుక్క పడ్డట్టు శుక్లాలు, రెండింటా. “కర్నూలు పెద్దాసుపత్రికి పోదాం మామా” అన్నాను. ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. “కోస్తే నెలన్నర కట్టు కట్టుకొని పండుకోవాల. కండ్లు కనపడని టైంకీపరు అని తెలిస్తే ఓనర్లు రేపే ఇంకొకణ్ణి కూర్చోబెడతారు. ఈ కూలి బతుకే నాకు మిగిలింది. పందెం ఇంకో నెలే ఉంది. ఈ ఒక్కటి చూసొస్తా. ఎవురికీ చెప్పబాక.” నేను చెప్పలేదు. మా చిన్నమ్మకు కూడా చెప్పలేదు. రోజూ పలక రాశాను, చదివాను.

ఆయన మద్రాసు పోయి వచ్చాడు. ఆ సాయంత్రం బస్టాండు ఎప్పటికంటే నిండిపోయింది. నేనొక్కదాన్నే భయంతో కూర్చున్నాను. కళ్లు కనపడని మనిషి ఏం చూసి వచ్చాడు, ఏం చెబుతాడు? నిరుడు ఆ మసక చూపుతోనే ఎర్రకారు, నీలంకారు, తెల్లగీతల కారు అని రంగులు చెప్పినవాడు ఈసారి ఒక్క రంగు చెప్పలేదు. చప్పుళ్లు చెప్పాడు. అబ్బ, ఎలా చెప్పాడని! ఏ ఇంజను గొంతు బొంగురో, ఏది గేరు మార్చేటప్పుడు ఎక్కిళ్లు పెడుతుందో, ఏ బ్రేకు వేస్తే కుక్కపిల్ల కుయ్యోమన్నట్టుంటుందో నోటితో చేసి చూపించాడు. ఆ ఏడు ఆయన పట్టుకున్నది పన్నెండో నంబరు. సిలోను నుంచి పడవ మీద తెచ్చుకున్న అతుకుల కారు, పిల్లోడు కొత్తవాడు. “దాని పొగగొట్టానికి చిల్లు పడింది. టప్ టప్ టప్, నాలుగో దెబ్బ పడదు. టప్ టప్ టప్. అయినా వస్తాంది. అందరూ పోయినాక వస్తాంది. చుట్టుచుట్టుకూ వస్తాంది.” డ్రైవర్లకు ఇలాంటి బండ్లతోనే కదా బతుకు. ఓబులేసు పిడికిళ్లు బిగించి ముందుకు వంగాడు. పలక ముక్కలు ఒక్కొక్కటే బోర్లా పడుతున్నాయి. పన్నెండు ఏడోది అయింది, ఐదోది అయింది. ఆఖరి చుట్టు. “అందరూ లేచి నిలబడినారు. ఒకటే అరుపులు. నేను చెవులు రిక్కించినా. ఆ మలుపులోనించి మొట్టమొదట ఏం ఇనపడింది? టప్ టప్ టప్!” అని పన్నెండో పలకను గీత దాటించాడు.

బస్టాండు పిచ్చెత్తినట్టు అరిచింది. ఓబులేసు మెడలో తువాలు తీసి గాల్లోకి విసిరాడు, కాశయ్యను వాటేసుకున్నాడు. ఆ సంతోషంలోనే చిక్కొచ్చి పడింది. “పేపరు తియ్యి కాశయ్యా, మన సిలోను పిల్లోడి సంగతి ఎట్ల ఏసినారో పంతులమ్మ చేత చదివించుకుందాం!” అని ఓబులేసు సీసా కింది పేపరు లాగి నా చేతిలో పెట్టాడు. పగ కాదు, పంతం కాదు, ప్రేమ కొద్దీ పెట్టాడు. వార్త ఒక మూలన ఐదారు వాక్యాలే ఉంది. గెలిచింది నిరుటి ఎర్రకారే. సిలోను నుంచి వచ్చిన పోటీదారు ఒక చుట్టు వెనకబడి, ఆఖరున చేరాడు. నాకు అర్థం కావడానికి క్షణం పట్టలేదు. కార్లు ఒకే దారిలో గుండ్రంగా తిరుగుతాయి. ఒక చుట్టు వెనకబడ్డ కారు గెలిచే కారు ముందరే గీత దాటగలదు. చూసేవాడికి అది వెనకబడ్డ కారని తెలుస్తుంది. వినేవాడికి ముందొచ్చిన చప్పుడే ముందు. జనం అరిచింది దాని వెనకాల వస్తున్న ఎర్రకారును చూసి.

తలెత్తి చూశాను. అన్ని ముఖాలూ నావైపే. ఉన్నది చదివితే ఆయన కళ్ల సంగతి బయటపడుతుంది, ఉద్యోగం పోతుంది. ఎనభై మంది సంతోషం కూడా పోతుంది. పంతులమ్మను, అబద్ధం ఆడవద్దని రోజూ పిల్లలకు చెప్పేదాన్ని. “సిలోను నుంచి వచ్చిన పోటీదారు… ప్రథముడుగా వచ్చాడు” అని చదివేశాను. మళ్లీ ఈలలు, కేకలు. దస్తగిరి మామ మాత్రం చెయ్యెత్తాడు, బస్సును ఆపినట్టు. అందరూ ఆగారు. “మళ్లీ చదువు పంతులమ్మా.” మళ్లీ చదివాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. “రోజూ పలక మీద టయాలు చదువుతావు, కడవలోనించి నీళ్లు పోసినట్టు ఉంటాది. ఇప్పుడు రెండుసార్లూ ఒకే కాడ నీ గొంతు ఆగింది. ఉన్నది ఉన్నట్టు చదువు బేటీ.”

చదివాను. చదువుతుంటే కన్నీళ్లు పేపరు మీద పడ్డాయి. ఆయన నేలమీద తడిమి పన్నెండో పలక ముక్కను తీసుకుని, ఒక చుట్టు వెనక్కి జరిపి పెట్టాడు. “ముందర ఇనపడిందే ముందర అనుకున్నా. నాది తప్పు. నాకు కండ్లు కనపడవు అబ్బాయ్. మసకేసి ఏడాదిన్నరాయె. మీ బండ్లను గూడా చప్పుడుతోనే పట్టుకుంటా ఉన్నా” అన్నాడు. మెడలో స్టాప్‌వాచీ తీసి అందరి ముందు పెట్టాడు. “నిమిషం తప్పినందుకు మిమ్మల్ని ఎండలో నిలబెట్టినా. నేను చుట్టు చుట్టే తప్పినా. ఓనర్లకు మీరే చెప్పండి.”

నేను ఓబులేసు వైపు చూశాను. వాడికిక పగ తీరే రోజు. వాడు ఆ వాచీని చూశాడు, ఆయన్ని చూశాడు. “మామా, నిరుడు ఉగాదికి ముందర మూడు నిమిషాలు ముందొచ్చినావని నన్ను ఎనక్కి పంపితివే. అప్పుడు నా బండి కనపడిందా నీకు?” “లేదబ్బాయ్. నీ బండి మూడో గేరులో మూలుగుతాది.” “ఎంత దూరంనించి ఇనపడింది?” “పలకల ఫ్యాక్టరీ మలుపు కాణ్నించి.” ఓబులేసు మీసం మీద చెయ్యేసుకున్నాడు. తర్వాత అందరివైపూ తిరిగి, “ఇన్నార్రా? ఏడాదిన్నర! కండ్లు లేకుండానే ఒక్క నిమిషం గూడా మనల్ని దొంగతనం చేయనీలా ఈ ముసలాయన. రేపు కండ్లున్నోణ్ణి తెచ్చి పెడితే ఇంకేమన్నా ఉందా మన గతి!” అన్నాడు. మొదట కాశయ్య నవ్వాడు, తర్వాత అందరూ. ఓబులేసు వంగి వాచీని తీసి ఆయన మెడలో వేశాడు. “కర్నూలు పో మామా. కోయించుకొని రా. అందాకా మా టయం మేమే చూసుకుంటాం.” దస్తగిరి మామ వాచీని గుప్పిట్లో పట్టుకున్నాడు. ఎంత ఆపుకోవాలని చూసినా ఆయన ఏడ్చేశాడు. నేనూ ఏడ్చాను, సిగ్గేముంది.

ఆ నెలన్నర మార్కాపురం బస్టాండులో టైంకీపరు లేడు. పొద్దున పూట పలక నేను రాశాను, మిగతా పూటలు కాశయ్య. ఒకరోజు నా బడికి సెలవు, మా చిన్నమ్మతో ఊరి బయటికి పోయి వస్తున్నాను. పలకల ఫ్యాక్టరీ మలుపులో ఓబులేసు బస్సు నిలబడి ఉంది. లోపల జనం, “పోనీవయ్యా, ఎవురున్నారని ఆపినావు? సాయిబు ఊర్లో లేడు గదా!” అని తిడుతున్నారు. వాడు స్టీరింగు మీద చేతులు పెట్టుకుని, చెమటలు కక్కుతూ, “రెండు నిమిషాలు ముందొచ్చినా, కూర్చోండి” అన్నాడు. ఆయన ఊళ్లో లేకపోయినా ఆ మలుపులో ఉన్నాడు. ఈ మధ్యలో ఒక యజమాని వచ్చి టైంకీపరు ఏడని అడిగితే కాశయ్య తడుముకోకుండా, “మేనగోడలి నిఖాకు పోయినాడయ్యా” అన్నాడట. ఇంకో వారం తర్వాత అడిగితే ఇంకో మేనగోడలు. ఈ అబద్ధాల సంగతి మాత్రం దస్తగిరి మామకు ఎవరమూ చెప్పలేదు.

సోడాబుడ్డి కళ్లద్దాలతో తిరిగొచ్చాడు. నన్ను చూసి, అద్దాలు ముక్కు మీదికి తోసుకుని, మళ్లీ చూసి, “అరే! నువ్వు ఇంతేనా పంతులమ్మా? గొంతును బట్టి ఇంకా పొడుగుంటావనుకున్నా” అన్నాడు. మరుసటి ఏడు ఆ అద్దాలతోనే పందేనికి పోయి అన్నీ కళ్లారా చూసి వచ్చాడు. రంగులన్నీ చెప్పాడు, లెక్కలన్నీ సరిగ్గా చెప్పాడు, ఎవరు ఎన్ని చుట్లు తిరిగారో పలకలు ఖచ్చితంగా జరిపాడు. అయినా సగంలోనే జనం దిక్కులు చూడటం మొదలుపెట్టారు. ఆయనకే తెలిసిపోయింది. “ఈసారి పస లేదబ్బా” అన్నాడు దిగులుగా. “పందెంలో లేదా, నీలోనా మామా? వచ్చే ఏడు కండ్లు మూసుకొని పో!” అని ఓబులేసు అన్నాడు. అందరికంటే ఎక్కువగా ఆయనే నవ్వాడు. నిజంగానే ఆ పైయేడు సగం పందెం అద్దాలు జేబులో పెట్టుకుని విన్నాడట.

తర్వాత జిల్లా మారింది, బస్సులు ప్రభుత్వం చేతికి పోయాయి, రేకుల కొట్టమూ పోయింది. ఆ స్టాప్‌వాచీ ఏమైందో నాకు తెలియదు. దస్తగిరి మామ పోయినప్పుడు నేను చంద్రశేఖరపురం వైపు ఒక బడిలో ఉన్నాను, కబురు ఆలస్యంగా అందింది. చివరి చూపు దక్కలేదనే బాధ ఇప్పటికీ ఉంది. నేను పనిచేసిన పల్లెల్లో చదువురానివాళ్లు ఉత్తరాలు తెచ్చి నాచేత చదివించుకునేవాళ్లు. ఉద్యోగం రాలేదనో, పెళ్లి తప్పిపోయిందనో, మనిషి పోయాడనో ఉండేది. ఎదురుగా ఆ ముఖం చూస్తూ, మంచిమాట ఒకటి కల్పించి చదువుదామని ఎన్నిసార్లు నోటిదాకా వచ్చిందో! ప్రతిసారీ ఆ చెయ్యి లేచేది, బస్సును ఆపినట్టు. ఉన్నది ఉన్నట్టు చదివేదాన్ని. చదివి, వాళ్లు లేచి పోయేదాకా పక్కనే కూర్చునేదాన్ని. ఆయన దగ్గర నేర్చుకున్నది ఇదే. ఇంతకంటే పెద్ద చదువు నాకు ఏ ట్రైనింగు స్కూల్లోనూ చెప్పలేదు.

సరే, ఆ ఆదివారం సంగతి. నిత్య టీవీ ఆపలేదు. చిక్కుడుకాయల గిన్నెతో వచ్చి దాని పక్కన కూర్చున్నాను. “ఆఖరున ఎవడో కొత్త పిల్లోడవ్వా. మొదటి చుట్టులోనే ఎవడో గుద్దాడు, కారు ముందు రెక్క విరిగి మార్చుకొచ్చాడు. ఇరవయ్యో వాడు” అంది. “వాణ్ణి పట్టుకో. వాడు ఏం చేస్తాడో చెప్పు” అన్నాను. మొదట మొక్కుబడిగా చెప్పింది. కాసేపటికి సోఫా అంచుకు జరిగింది. “పదిహేడు అయ్యాడవ్వా. అవ్వా, మలుపులో బయటివైపునుంచి దాటాడు! పద్నాలుగు. అమ్మో, పన్నెండు!” నా మోకాలు పట్టుకుని కుదిపేస్తోంది. జోరీగల మోతలోంచి ఒక జోరీగ గొంతు మారడం నాకూ తెలిసింది. చెవులకేం, అవి బాగానే ఉన్నాయి. అప్పుడే ఆ గొంతు ఒకసారి గురకపెట్టి తెగిపోయింది.

నిత్య నోరు మూతపడింది. కాస్త ఆగి, “పదో వాడు అయ్యాడవ్వా… బాగా పోతున్నాడు” అంది.

“నీ గొంతు ఆగిందే. ఉన్నది ఉన్నట్టు చెప్పు.”

“ఆగిపోయాడవ్వా” అంది. దాని గొంతులో ఏడుపు. “ఇంకో రెండు చుట్లే ఉన్నాయి. పొగ వస్తోంది. దిగి, హెల్మెట్ కూడా తీయకుండా గడ్డి మీద కూర్చున్నాడు. ఒక్కడే కూర్చున్నాడవ్వా.” నేను దాని వీపు మీద చెయ్యేశాను. ఇద్దరం ఆ పిల్లవాడి పక్కన కూర్చున్నట్టే కూర్చున్నాం. టీవీలో ఎవరెవరో అరుస్తున్నారు, చప్పట్లు, బాణసంచా. మా బస్టాండులో ఎవరూ అడగకూడని ప్రశ్న అప్పుడు నేను కావాలనే అడిగాను.

“గెలిచిందెవరే?”

అది ఉలిక్కిపడి టీవీ వైపు తిరిగింది. “అయ్యో, చూడలేదవ్వా” అంది.